కోత పండుగకెళ్ళిన మొక్క

మా వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టారు. పైన "ప్రభువునందు నిద్రించిన మా ప్రియ సహోదరుడు" అని పెద్ద అక్షరాలు, కింద చామంతి కుండీ పట్టుకుని నవ్వుతున్న ఆయన ఫోటో. ఆ కింద సంతాపం తెలిపే చర్చి కమిటీవాళ్ళ ఫోటోలు వరసగా. పోయినాయన ఫోటో కంటే కమిటీ సెక్రటరీ ఫోటోనే కాస్త పెద్దది. మా కాప్రాలో ఎవరు పోయినా ఇంతే, అందులో కొత్తేమీ లేదు. నాకు ఒళ్ళు మండింది మాత్రం అడుగున రాసిన మాటకి: "మా సంఘానికి పూలిచ్చిన చేతులు." ఆ చేతుల్లోంచి ఏం లాక్కున్నారో రాయడానికి ఫ్లెక్సీలో చోటు చాలలేదు కాబోలు.

ఆయన పేరు నేను రాయను. రాస్తే నేనూ ఇంకో ఫ్లెక్సీ కట్టినట్టవుతుంది. వాళ్ళింట్లో కింది వాటాలో అద్దెకుంటాను. పైన ఆయన, ఆయన భార్య. నాకు అంకుల్, ఆంటీ. మాది విజయనగరం, వాళ్ళది కాకినాడ పక్క ఊరు. ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళమే అందరం. నేను బేగంపేట ఆఫీసు నుంచి వచ్చేసరికి అంకుల్ మేడ మీద ఇస్త్రీ చొక్కాతో మట్టి పిసుకుతూ కనబడేవారు. తోటపనికి పాత బట్టలు కట్టుకోవచ్చు కదా అంటే, "పాతవైతే పని కూడా పాతగానే చేస్తామమ్మా" అనేవారు. ఆ మాటకి అర్థం ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. ఆంటీకీ తెలియదట.

నోట్లో ఏం పెట్టుకోవాలన్నా ముందు ప్రార్థన చేసేవారు. టీకి, బిస్కెట్టుకి కూడా. ఒకసారి సైనిక్‌పురిలో పానీపూరి బండి దగ్గర నిలబడ్డాం. బండివాడు పూరీలో నీళ్ళు నింపి చేయి చాపాడు. ఈయన కళ్ళు మూసుకున్నారు. పూరీ కారిపోతోంది, బండివాడు నావైపు చూస్తున్నాడు, వెనక ఉన్నవాళ్ళు "ఏమైంది సార్‌కి?" అంటున్నారు. ఆమెన్ అయ్యేసరికి చేతిలో పెంకు మాత్రం మిగిలింది. అదే తిని, బాగుంది అన్నారు.

రోడ్డు మీద పురుగు లేకపోయినా ఎర్ర దీపం పడితే స్కూటర్ ఆపేవారు. వెనకవాళ్ళు హారన్లు కొట్టి బూతులు తిట్టేవారు. "చట్టం కూడా దేవుడు ఉంచినదేనమ్మా" అనేవారు నాతో. ఇక అబద్ధం సంగతి సరేసరి. చందాకొచ్చినవాళ్ళతో ఆంటీ లోపల్నుంచి "లేరని చెప్పండి" అని కేకేస్తే, ఈయన గుమ్మంలోకి వెళ్ళి "లేనని చెప్పమంటోంది" అని చెప్పేవారు. అలాంటి మనిషితో కాపురం చేసినందుకు ఆవిడకి ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు.

ఆయన ప్రాణమంతా చామంతుల్లో ఉండేది. పెయింటు ఖాళీ బకెట్లు తెచ్చి, అడుగున కన్నాలు పొడిచి, మేడంతా పరిచేవారు. చామంతికి పొద్దు పొట్టిదై, రాత్రి పొడుగైతేనే మొగ్గ పడుతుందట. మా మేడకెదురుగా వీధి దీపం పెట్టినప్పుడు పెద్ద గొడవే చేశారు. మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి, దీపానికి ఒకవైపు రేకు అడ్డం పెట్టమని అర్జీ ఇచ్చారు. "ఏంది సార్, పూలకు నిద్ర వడ్తలేదా?" అని అక్కడివాళ్ళు నవ్వి పంపించారు. దాంతో పాత గొడుగుల నల్లగుడ్డలు కుట్టి, రోజూ మునిమాపున కుండీల మీద కప్పేవారు. చర్చిలో కోత పండుగకి ఆయన చామంతులే మొదటి వరసలో ఉండేవి. ఆ ఒక్క రోజు ఆయన నడకలో కొంచెం పొగరు కనబడేది. నాకు అది ఇష్టంగా ఉండేది.

ఆంటీకి కడుపులో జబ్బు వచ్చింది. పేరు చెప్పనక్కర్లేదు, ఈ రోజుల్లో ప్రతి వీధిలో ఒకరికుంది. కీమో మొదలైనాక ఆవిడకి అన్నం వాసన పడేది కాదు. పోపు వాసనొస్తే వాంతి, పాలు పొంగితే వాంతి. అంకుల్ వంటని మేడ మీదకి మార్చేశారు. తన పళ్ళెం పట్టుకొచ్చి బయటి మెట్ల మీద కూర్చుని, తలుపు మూసుకుని తినేవారు. ముందు ప్రార్థన మాత్రం మానలేదు. మెట్ల మీద కళ్ళు మూసుకుని కూర్చున్న ఆయన్ని చూస్తే నాకు ఏ దేవుడి మీదైనా కోపం వచ్చేది.

ఆస్పత్రిలో పక్క మంచం రోగి తాలూకు మనిషి ఒకాయన, కాగితం పొట్లంలో నాలుగు గింజలిచ్చాడట. గంజాయి గింజలు. దాంతో తన తమ్ముడికి అన్నం సహించిందని చెప్పాడట. అంకుల్ డాక్టర్ని అడిగితే, ఆయన గోడ వైపు చూస్తూ, "మీరేం అడగలేదు, నేనేం వినలేదు" అన్నాడట. అది నేరమని అంకుల్‌కి తెలుసు, నాకూ తెలుసు. నేనే ఒక మాట అన్నాను: "గింజ వేసి ఎప్పటికి పెంచుతారు అంకుల్, దొరికేచోట్లు ఊళ్ళో అందరికీ తెలిసినవే కదా."

"కొంటే ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలీదమ్మా. ఎవరి పిల్లల్ని పాడు చేస్తుందో. పెంచితే పాపం నా ఒక్కడిదే" అన్నారు.

విత్తిన రోజు చేతులు కడుక్కుంటూ చెప్పారు: "దీనికి ప్రార్థన చేయొచ్చో చేయకూడదో తెలీలేదు. కళ్ళు మాత్రం మూసుకున్నాను."

ఆ మొక్కని పేరుతో పిలిచేవారు కాదు. "అది" అనేవారు. ఎవరైనా మేడ మీదికొచ్చి ఇదేం మొక్క అంటే, "మొక్కే" అనేవారు. అబద్ధం కాదు కదా. చామంతుల మధ్యలో పెట్టారు కాబట్టి పెద్దగా ఎవరూ అడగలేదు కూడా.

మొదటిసారి పాడు చేశారు. చామంతి పెంచిన చేతులు చామంతి పనే చేస్తాయి. చిన్న కప్పులో మొలిపించారు, కాస్త ఎదగ్గానే చిన్న కుండీలోకి మార్చారు, ఆ తర్వాత ఇంకొంచెం పెద్దదానిలోకి. గుబురుగా రావాలని చిగురు గిల్లారు. సాయంత్రం నల్లగుడ్డ కూడా కప్పారు. అది అలిగినట్టు జానెడెత్తులోనే ఆగిపోయి, ఆ జానెడు ఎత్తులోనే పూత వేసేసింది. పాపం, ఆయన దాని ముందు ముక్కాలిపీట వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. తర్వాత ఫోన్లో వీడియోలన్నీ చూసి, నాకు చెప్పడానికి కిందికొచ్చారు.

"ఈ రకం వేరమ్మా. దీనికి రాత్రి పగలు లెక్కలేదు. వయసు రాగానే పూసేస్తుంది, నువ్వు చీకటి పెట్టినా వెలుతురు పెట్టినా. మామూలు మొక్కకి దెబ్బ తగిలితే కోలుకోవడానికి టైముంటుంది. దీనికి లేదు. మొదటే పెద్ద బకెట్లో వేసి, ఇక వేలు పెట్టకూడదు. నేను రెండుసార్లు పెళ్ళగించాను, చిగురు కూడా గిల్లాను." చెబుతూ తన వేళ్ళ వైపు చూసుకున్నారు.

ఆ జానెడు మొక్క పూసిందే ఎండబెట్టి, నేతిలో ఏదో చేసి, ఆంటీకి చిటికెడంత పెట్టారు. నేను అక్కడే ఉన్నాను. కాసేపటికి ఆవిడ లేచి కూర్చుని, "ఆకలేస్తోంది" అంది. ఆ మాట విని అంకుల్ గబుక్కున లేచారు గాని ఏం చేయాలో తోచక మళ్ళీ కూర్చున్నారు. నేనే పెరుగన్నం కలిపి తెచ్చాను. సగం గిన్నె తినేసి, "ఎండు రొయ్యలు వేసి టమాటా పులుసు పెడతావా అమ్మా?" అని అడిగింది. మేం శాకాహారులమని ఆవిడకి తెలుసు, అడిగింది చూడండి. నాకు చచ్చేంత నవ్వొచ్చింది. మూడు రోజులు తిన్నది. ఆ చిటికెడు అయిపోయింది, వాంతులు మళ్ళీ మొదలు.

అప్పుడు రెండో గింజని మంచి పెద్ద బకెట్లో నేరుగా వేశారు. వేలు పెట్టలేదు. ఎరువు కూడా చామంతికి పెట్టేదాంట్లో సగమే పెట్టారు. మేడ మీద ఎక్కువ ఎండ పడే మూల దానికిచ్చి, చామంతుల్ని పక్కకి జరిపారు. నడుము దాకా పెరిగింది, కొమ్మ కొమ్మకీ మొగ్గ కట్టింది. ఆయన రోజూ పొద్దున్నే వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని చూసేవారు. ముట్టుకుంటే ఎక్కడ పాడవుతుందో అని చేతులు కట్టేసుకునేవారు. "ఇంకొన్నాళ్ళు. పూర్తిగా పండనివ్వాలి. పండితే క్రిస్మస్ దాకా తింటుంది" అనేవారు. ఆంటీ అప్పటికి రోజుకి రెండు చెంచాల బార్లీ నీళ్ళ మీదకి వచ్చింది. ఆ ఇంట్లో అన్నమంటే ఆ బకెట్టే.

కోత పండుగ గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి. ఏడాదికోసారి సంఘంలోవాళ్ళు తమ పంటలో కొంత తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. నగరంలో పంటెక్కడిది, బోయిన్‌పల్లి మార్కెట్లో కొన్న గుమ్మడికాయలు, చెరకు గడలు, అరటి గెలలు, ఇంట్లో చేసిన కేకులు, పచ్చళ్ళు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం పాడతారు. ఆ పాటలో నిమ్మకాయ కూడా కోడి ధర పలుకుతుంది, దేవుడి సొమ్ము కాబట్టి. నియమం ఒక్కటే. బల్ల ముందు పెట్టింది దేవుడికిచ్చినట్టే, వెనక్కి తీసుకోకూడదు. కావాలంటే పాటలో పాడుకోవాలి.

ఆ ఏడాది తన వల్ల కాదని అంకుల్ ముందే చెప్పేశారు. కమిటీ సెక్రటరీ ఊరుకోలేదు. యాభై దాటిన మనిషి, ఎవరింట్లో పెళ్ళయినా చావయినా ముందుండేవాడు, మంచివాడే. మంచివాడు కాబట్టే ఇదంతా జరిగింది. ఆంటీకి నీరసం ఎక్కువై శనివారం సాయంత్రం సెలైన్ పెట్టించడానికి ఆస్పత్రిలో చేర్చారు, అంకుల్ అక్కడే ఉండిపోయారు. ఆదివారం పొద్దున నేను కూరగాయలకి వెళ్ళాను. ఆ వేళలో సెక్రటరీ ట్రాలీ ఆటో తీసుకొచ్చి, బయటి మెట్ల మీదుగా ఎక్కి, కుండీలన్నీ దింపించి పట్టుకుపోయాడు. అంకుల్‌ని సంతోషపెడదామని. నేను వచ్చి చూసేసరికి మేడ మీద తడి వలయాలు తప్ప ఏమీ లేవు. ఎదురింటావిడ చెప్పింది, చర్చివాళ్ళు తీసుకెళ్ళారని.

ఆయనకి ఫోన్ చేశాను. "పెద్ద బకెట్ ఉందా?" అని అడిగారు. లేదన్నాను. ఫోన్ పెట్టేశారు.

నేను చర్చికి వెళ్ళేసరికి ఆయన కూడా ఆస్పత్రి నుంచి వచ్చారు. గడ్డం గీసుకోలేదు. ఇస్త్రీ లేని చొక్కాతో ఆయన్ని చూడడం నాకదే మొదటిసారి. వేలం అప్పుడే మొదలైంది. బలిపీఠం మెట్ల మీద, బూడిద గుమ్మడికాయకీ అరటి గెలకీ మధ్యన, బకెట్‌కి గులాబీ రంగు రిబ్బను కట్టి పెట్టారు దాన్ని. అందరికంటే ముందు వరసలో.

అంకుల్ నేరుగా సెక్రటరీ దగ్గరికి వెళ్ళారు. వెనక నేను. "ఆ బకెట్ నాకిచ్చెయ్ బాబూ, తీసుకెళ్తాను."

"అరె, ఏంది అంకుల్. దేవునికి ఇచ్చినంక వాపస్ తీస్కుంటరా? ఫారిన్ చామంతి గదా, అందరు గదే సూస్తున్రు."

"నేనివ్వలేదు."

"మీరు దవాఖానల ఉన్రని మేమే తెచ్చినం. జెర కూసోండ్రి అంకుల్, పరేషాన్ గాకుండ్రి."

అంకుల్ వెళ్ళి బెంచీలో కూర్చున్నారు. ఆ మొక్క వంతు వచ్చినప్పుడు చేయెత్తి పాడారు. తన మొక్కని తనే. ఆయన చేయెత్తగానే, అంకుల్ పెంచిన మొక్క కదా అన్న ప్రేమతో ఒక రిటైర్డు టీచరమ్మ పైకి పాడింది. ఆయన మళ్ళీ పాడారు. ఆవిడ నవ్వి మళ్ళీ పెంచింది. చప్పట్లు. చంపేసే ప్రేమంటే ఏమిటో నేను ఆ రోజు చూశాను. అంతలో వెనక వరసలో కుర్రకారు కిసకిసలు మొదలుపెట్టి ఫోన్లు తీశారు. ఎక్సైజులో పనిచేసి దిగిపోయిన పెద్దాయన ఒకరు లేచి ముందుకెళ్ళి, ఆకు నలిపి వాసన చూసి, పాస్టరుగారి చెవిలో ఏదో చెప్పారు. పాస్టరుగారిని అక్కడ అయ్యగారంటారు. ఆయన మైకు పక్కకి తిప్పి, "ఇది ఎవరు తెచ్చారు?" అన్నారు.

సెక్రటరీ మొహం పాలిపోయింది. "నాకు తెల్వదు అయ్యగారు. ఎవలో పెట్టిన్రు" అన్నాడు.

"నాది" అన్నారు అంకుల్, బెంచీలోంచి లేచి.

అప్పుడే ఎవరిదో కోడి అరిచింది, ఎవరూ నవ్వలేదు. అంకుల్ నడిచి మెట్ల దగ్గరికి వెళ్ళారు. నలభై ఏళ్ళు ఆ మెట్ల పక్కనే నిలబడి క్వయర్లో పాడిన మనిషి. గొంతు తగ్గించి అన్నారు: "అయ్యగారూ, మా ఆవిడకి అన్నం సహించడం లేదు. ఇది పెడితే తింటోంది. ఇంకొన్ని రోజులుంటే పండుతుంది. తర్వాత పోలీసులకి మీరు చెప్పక్కర్లేదు, నేనే వెళ్తాను."

అయ్యగారు చెడ్డవారు కాదు. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "ప్రార్థన చేద్దాం బ్రదర్" అన్నారు. అందరూ తలలు వంచారు. ఆ తలలు వంచిన సమయంలోనే సెక్రటరీ బకెట్ ఎత్తుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే పరుగెత్తాను. చర్చి వెనక కుళాయి దగ్గర మొక్కని వేళ్ళతో సహా పీకి, నేల మీద పడేసి, బాత్రూం ఫినాయిల్ సీసా మొత్తం దాని మీద గుమ్మరించాడు. కంగారులో తన బూట్ల మీద కూడా పోసుకున్నాడు. అంకుల్ వచ్చి చూశారు. వంగి ఒక కొమ్మ తీసి వాసన చూసి వదిలేశారు. రిబ్బను విప్పి కుళాయి మీద పెట్టి, ఖాళీ బకెట్ పట్టుకుని ఆస్పత్రికి బయల్దేరారు. దాన్ని నేను ఇంటికి తీసుకెళ్తానన్నా ఇవ్వలేదు.

వార్డులో ఆంటీ బకెట్ని చూసి, "మొక్క ఏమైంది?" అంది.

"పీకేశారు."

"ఎవరు?"

"మనవాళ్ళే."

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

చర్చివాళ్ళు పోలీసులకి చెప్పలేదు, చర్చి పేరు పోతుందని. దయ అని చెప్పుకున్నారు. క్వయర్లోంచి తీసేశారు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభుబల్లకి కొంతకాలం దూరంగా ఉండమన్నారు. కొంతకాలమంటే ఎంతో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం వెళ్ళి చివరి బెంచీలో కూర్చునేవారట. రొట్టె కోసం అందరూ వరస కట్టి ముందుకు నడుస్తుంటే, దారివ్వడానికి మోకాళ్ళు పక్కకి జరిపి, మళ్ళీ సర్దుకుని కూర్చునేవారట. కాలనీలో ఆయనకి "గంజా అంకుల్" అని పేరు పడింది. పిల్లలు పెట్టారన్నారు. పిల్లలకి ఎవరు నేర్పారో.

అదే బకెట్లో మూడో గింజ వేశారు. అది తన వయసు ప్రకారం తాను పెరిగింది, తొందరపడమంటే వింటుందా. క్రిస్మస్ చూడకుండానే ఆంటీ పోయింది. చివరివారం పెదవులు తడపడం తప్ప ఏమీ లేదు. సమాధి దగ్గర కమిటీ అంతా వచ్చింది, బాగా పాడారు. ఆవిడ పోయాక కొన్నాళ్ళకి ఆ మొక్క నిండుగా పూసింది. ఆయన కోసి, నీడలో ఆరబెట్టి, గాజు సీసాలో పోసి అలమరలో పెట్టారు. ఎవరి కోసమని నేను అడగలేదు.

తర్వాతి వానాకాలంలో ఒకరోజు నేను కూర ఇవ్వడానికి పైకి వెళ్ళాను. సెక్రటరీ వచ్చాడు. బూట్లు గుమ్మం బయటే విప్పి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు.

"అంకుల్, అమ్మకు బాగలేదు. ఆంటీకి వచ్చిందే వచ్చింది. నోట్ల మెతుకు వెడ్తలేదు. ఆమె తక్లీఫ్ సూడబుద్ధైతలేదు."

"కూర్చో బాబూ."

కూర్చోలేదు. "మీ తాన అది గిట్ల ఉంటదేమోనని వచ్చిన."

"ఏది?"

"అదే అంకుల్. ఆ మొక్క."

"ఏ మొక్క బాబూ?"

అతను నావైపు చూశాడు, నేల చూశాడు. "ఆ దినం చర్చిల తీసేసినం గదా."

"నువ్వు పీకి ఫినాయిల్ పోసినదా?"

"అవును అంకుల్."

"అది ఆ రోజే చచ్చిపోయింది కదా" అన్నారు అంకుల్. గొంతులో కోపమేమీ లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. కాఫీ తాగుతావా అని కూడా అడిగారు. అతను వద్దని తలూపి, బూట్లు వేసుకోకుండా చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

"సీసా ఉంది కదా అంకుల్" అన్నాను.

"ఉంది."

"ఆ ముసలావిడ ఏం చేసింది మిమ్మల్ని?"

నాకు ఆయన మీద కోపం వచ్చింది. సెక్రటరీ మీద ఉన్నదానికంటే ఎక్కువే వచ్చింది, ఎందుకంటే ఈయన నుంచి నేనిది అనుకోలేదు. ఆ మాట మొహం మీదే అనేశాను కూడా. ఆయన నేను తెచ్చిన కూర గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేశారు. ఇంత మంచి మనిషిని ఈ గతికి తెచ్చినవాళ్ళని తిట్టుకోవాలో, ఇలా తయారైన ఈయన్ని తిట్టుకోవాలో తెలియక కిందికి దిగిపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.

నెల తిరక్కుండా సెక్రటరీ తల్లి పోయింది. నేను వెళ్ళి ఆడవాళ్ళతో కాసేపు కూర్చుని వచ్చాను. అంకుల్ కూడా వెళ్ళారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సమాధి పూడ్చేదాకా ఉండి, సెక్రటరీ భుజం మీద చేయి వేసి వచ్చారు. ఇంటికొచ్చి బయటి మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు అందుకుని అడిగారు.

"ఆవిడ చివర్లో ఏమైనా తిన్నదటమ్మా?"

"లేదట అంకుల్. ఏమీ తినలేదట."

ఆయన గ్లాసులోకి చూశారు.

"మా ఆవిడా తినలేదు" అన్నారు.